పసుపు లాబ్రడార్‌కు నల్ల పిల్లలా? కుక్కపిల్లల రంగును ముందే లెక్కకట్టడం ఎలా

తల్లి లేత పసుపు లాబ్రడార్. దానితో జతకట్టిన వీధికుక్క కూడా లేత గోధుమరంగుదే. సుమారు 63 రోజుల తర్వాత పుట్టిన పిల్లలన్నీ కాటుక నలుపు. ఇంటివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పక్కింటివాళ్లు మాత్రం ఏదో నల్లకుక్క వచ్చి వెళ్లిందని తేల్చేస్తారు. సైనిక్‌పురిలోనో మణికొండలోనో పెంపుడు కుక్కలూ వీధికుక్కలూ ఒకే సందులో తిరిగే మన హైదరాబాద్‌లో ఇలాంటి ఈత వింతేమీ కాదు. ఆ పిల్లలకు మూడో కుక్కతో సంబంధం ఉండనక్కర్లేదు. రెండు పసుపు కుక్కలకు పుట్టిన పిల్లలు ఒక్కటీ మిగలకుండా నల్లగా ఉండవచ్చు. దానికి ఒక లెక్క ఉంది. కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా వేసుకోవచ్చు.

ఆ లెక్క చేతికి వస్తే మీ కుక్కకు పుట్టబోయే పిల్లల రంగులను చాలావరకు ముందే చెప్పగలరు. అరుదైన రంగంటూ ఎక్కువ ధర అడిగేవారి మాటలో నిజమెంతో తూచగలరు. అన్నిటికంటే ముఖ్యంగా, కొన్ని జతలను ఎందుకు కట్టించకూడదో అర్థమవుతుంది. కొన్ని రంగుల వెంట చెవుడు, అంధత్వం వస్తాయి. పెద్దల తెలియనితనానికి ఆ పిల్లలు జీవితాంతం మూల్యం చెల్లిస్తాయి. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అసలు కారణం అదే.

లెక్కకు ముందు

కుక్క ఒంటిమీద ఎన్ని రంగులు కనిపించినా వెంట్రుకలో చేరే వర్ణకాలు రెండే. ఒకటి యూమెలనిన్, అంటే నల్ల వర్ణకం. రెండోది ఫియోమెలనిన్, ఎర్ర వర్ణకం. చాక్లెట్ రంగు, బూడిద కలిసిన నీలం వంటివి నల్ల వర్ణకమే కాస్త మారగా వచ్చినవి. మీగడ రంగు, పసుపు, తుప్పు రంగు, ఐరిష్ సెట్టర్ ఎరుపు అన్నీ ఎర్ర వర్ణకం పలచబడటంలోనో చిక్కబడటంలోనో తేడాలు. తెలుపు అంటే చాలాసార్లు అక్కడ ఏ వర్ణకమూ లేకపోవడం.

పదో తరగతిలో మెండెల్ బఠానీల పాఠం చదివినవారికి మిగతాది కొత్త కాదు. కుక్కకు 39 జతల క్రోమోజోములు ఉంటాయి. ఇక్కడ మనం చూసే ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. బహిర్గత రూపం ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపిస్తుంది. అంతర్గత రూపం కనిపించాలంటే రెండు ప్రతులూ అదే అయి ఉండాలి. పరీక్ష నివేదికల్లో బహిర్గతాన్ని పెద్ద అక్షరంతో, అంతర్గతాన్ని చిన్న అక్షరంతో వేస్తారు. నేనూ ఇక్కడ 'పెద్ద బి', 'చిన్న బి' అనే రాస్తాను.

బఠానీల పాఠంలో ఒక జన్యువు, ఒక లక్షణం. కుక్క రంగు దగ్గర ఆ పద్ధతి సరిపోదు. కనీసం అయిదు జన్యువులు ఒకదాని పనిలో మరొకటి జోక్యం చేసుకుంటాయి, కొన్నిసార్లు ఒకటి ఇంకోదాని ఫలితాన్ని పూర్తిగా కప్పేస్తుంది. దీన్ని ఎపిస్టాసిస్ అంటారు. 20వ శతాబ్దం తొలి దశకంలో విలియం బేట్‌సన్ పెట్టిన పేరిది. వీధిలోకి మంజీరా నీళ్లు వదలని రోజున ఇంట్లో ఏ కుళాయి తిప్పినా ఫలితం ఒకటే. కుళాయిలు బాగానే ఉంటాయి, వాటి పనితనం మాత్రం ఆ రోజు బయటపడదు. పసుపు లాబ్రడార్ ఒంట్లో నలుపు జన్యువులు అలాగే ఉండిపోతాయి.

ఇప్పుడు నోటు పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో తల్లిని, తండ్రిని రాసుకోండి. ఒక్కో పేజీలో బి, డి, ఇ, కె, ఎ అని అయిదు వరుసలు, ప్రతి వరుసకూ రెండు ఖాళీ గళ్లు గీయండి. తెలిసినంతవరకే నింపండి. తెలియని గడిని ఖాళీగా ఉంచే ఓపిక ఈ పనిలో చాలా అవసరం. రంగు చూసి ఊహించి నింపిన గడి మొత్తం లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి పని: ముక్కు చూడండి

బొచ్చును కాసేపు మరచిపోండి. పగటి వెలుగులో ముక్కు, కనురెప్పల అంచులు, అరికాలి మెత్తలు చూడండి. బొచ్చు ఎంత పసుపుగా ఉన్నా నల్ల వర్ణకం ఏ రూపంలో ఉందో అక్కడ తెలిసిపోతుంది.

ముక్కు గోధుమరంగులో, కాలేయం రంగులో ఉంటే బి వరుసలో రెండు గళ్లలోనూ చిన్న బి రాయండి. ఇది 11వ క్రోమోజోముపై ఉండే టివైఆర్‌పి1 అనే జన్యువు. అది సరిగా పనిచేయకపోతే నల్ల వర్ణకం పూర్తిగా నల్లబడక గోధుమరంగు దగ్గరే ఆగిపోతుంది. ముక్కు నల్లగా ఉంటే ఒక గడిలో పెద్ద బి రాయండి, రెండో గడి ఖాళీ. ఆ కుక్క తల్లిదండ్రుల్లో ఒకరు చాక్లెట్ రంగైతే రెండో గడిలో నిస్సందేహంగా చిన్న బి వేయవచ్చు.

కొన్ని కుక్కలకు ముక్కు మధ్య భాగం కాలాన్ని బట్టి వెలిసిపోతుంది. అలాంటప్పుడు కనురెప్పల అంచునే నమ్మండి. ముక్కు మీద గులాబీ మచ్చ ఉంటే అది తెల్లమచ్చల జన్యువు పని, బి వరుసకు సంబంధం లేదు.

గోధుమరంగుకు గోధుమరంగు జతకడితే నల్ల పిల్లలు పుట్టవు. ఈ సూత్రం దాదాపు అన్ని జాతుల్లో నిలుస్తుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో మాత్రం జాగ్రత్త. వాటిలో కోకో అని పిలిచే గోధుమరంగు హెచ్‌పిఎస్3 అనే వేరే జన్యువు వల్ల వస్తుంది. కోకో కుక్కను మామూలు చాక్లెట్ కుక్కతో కలిపితే ఒకదాని లోపాన్ని రెండోది పూడ్చి, నల్ల వర్ణకం మళ్లీ పుట్టుకొస్తుంది.

రెండో పని: రంగు పలచబడిందా?

ముక్కు పలక రంగులో, బూడిదగా ఉంటే డి వరుసలో రెండు చిన్న డి లు. ఈ జన్యువు పేరు ఎంఎల్‌పిహెచ్. వర్ణకపు రేణువులను వెంట్రుకలోకి సమంగా చేర్చడం దీని బాధ్యత. అది తప్పితే రేణువులు ముద్దలు కట్టి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. నలుపు బూడిద నీలమవుతుంది, చాక్లెట్ లేత వెండి గోధుమ అవుతుంది. వైమరానర్ జాతి మొత్తం ఈ రెండో రకమే: రెండు చిన్న బి, రెండు చిన్న డి.

బి, డి రెండూ ఒకదాన్ని మరొకటి కప్పకుండా కలిసి పనిచేయడం డాబర్‌మన్‌లో చక్కగా కనిపిస్తుంది. నలుపు, ఎరుపు అని పిలిచే గోధుమ, నీలం, ఫాన్ అని పిలిచే లేత వెండి గోధుమ అనే నాలుగు రంగులు ఈ రెండు జన్యువులవే. ఒక్కోటీ చిన్న బి ఒకటి, చిన్న డి ఒకటి మోసే రెండు నల్ల డాబర్‌మన్‌లకు పుట్టే పిల్లల్లో 16లో 9 నలుపు, 3 గోధుమ, 3 నీలం, 1 ఫాన్ రావాలి.

ఈ రెండు లేత రంగుల మీద ముచ్చటపడేవారికి ఒక హెచ్చరిక. నీలం, ఫాన్ డాబర్‌మన్‌లలో చాలావాటికి పెరిగే కొద్దీ బొచ్చు ఊడి, చర్మం పొడిబారి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు సోకుతాయి. దీనికి పూర్తిగా నయమయ్యే చికిత్స లేదు. బొచ్చు ఊడిన ఒంటితో హైదరాబాద్ ఏప్రిల్ ఎండను భరించడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. 'సిల్వర్ లాబ్రడార్' అని ఎక్కువ ధర పలికే పిల్ల కూడా రెండు చిన్న డి లు కలిగిన చాక్లెట్ కుక్కే. ఆ ధర వెనక అంతకు మించిన విశేషం లేదు.

మూడో పని: ఇ వరుస, అన్నిటికీ పైన

వర్ణకాన్ని తయారుచేసే కణం ఉపరితలం మీద ఎంసి1ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. దానికి సంకేతం అందితే కణం నల్ల వర్ణకం చేస్తుంది. సంకేతం అందకపోతే, లేదా ఎవరైనా అడ్డుపడితే ఎర్ర వర్ణకం చేస్తుంది. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువే మన ఇ. చిన్న ఇ రెండు ప్రతులున్న కుక్కలో గ్రాహకమే పనిచేయదు. నలుపు చేయమన్న కబురు వెంట్రుక దాకా చేరదు. మిగతా జన్యువులు ఏమి కోరుకున్నా బొచ్చంతా మీగడ నుంచి ఎరుపు దాకా ఏదో ఒక ఎర్ర వర్ణకపు ఛాయలో ఉంటుంది. పసుపు లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఐరిష్ సెట్టర్ అన్నీ ఈ కోవలోవే. ముక్కు చర్మానికి మాత్రం ఈ అడ్డు వర్తించదు కాబట్టే పసుపు లాబ్రడార్‌కు నల్ల ముక్కు ఉంటుంది.

పుస్తకాల్లో 16 గళ్ల పున్నెట్ చదరం గీయిస్తారు. నా సలహా, దాన్ని వదిలేసి భిన్నాలతో మెట్టుమెట్టుగా దిగండి. రెండు నల్ల లాబ్రడార్‌లు ఉన్నాయి, రెండూ చిన్న బి ఒకటి, చిన్న ఇ ఒకటి మోస్తున్నాయి. ముందు ఇ గురించి అడగండి. పిల్లల్లో నాలుగో వంతుకు రెండు చిన్న ఇ లు వస్తాయి, అవి పసుపు. మిగిలిన ముప్పావు వంతులో మాత్రమే బి ఏమిటన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. వాటిలో ముప్పావు వంతు నలుపు, పావు వంతు చాక్లెట్. హెచ్చిస్తే 16లో 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు. డాబర్‌మన్‌లో 9, 3, 3, 1గా వచ్చిన పంపకం ఇక్కడ 9, 3, 4 అయింది. చివరి రెండు గుంపులు ఒకే పసుపు కింద కలిసిపోయాయి. ముక్కు చూస్తే ఆ నాలుగింటిని మళ్లీ విడదీయవచ్చు: మూడింటికి నల్ల ముక్కు, ఒకదానికి గోధుమ ముక్కు.

ఇదే పద్ధతిలో చాక్లెట్ లాబ్రడార్‌ను పసుపుతో కలిపి చూడండి. చాక్లెట్ కుక్కకు రెండు పెద్ద ఇ లు, పసుపు కుక్కకు రెండు పెద్ద బి లు ఉంటే ప్రతి పిల్లకూ ఒక పెద్ద బి, ఒక పెద్ద ఇ అందుతాయి. తల్లిదండ్రుల్లో ఎవరూ నలుపు కాకపోయినా పిల్లలన్నీ నలుపే.

తల్లీ తండ్రీ రెండూ పసుపు లాబ్రడార్‌లే అయితే మాత్రం పిల్లలన్నీ పసుపే కావాలి. ఇద్దరి దగ్గరా ఇవ్వడానికి చిన్న ఇ తప్ప మరొకటి లేదు. అలాంటి జతకు నల్ల పిల్ల పుట్టిందని ఎవరైనా కాగితాలు చూపిస్తే తండ్రి ఎవరన్న అనుమానం న్యాయమైనదే. మరి మొదట్లో చెప్పిన ఈతలో ఆ అనుమానం ఎందుకు చెల్లదు? వీధికుక్క పసుపు వేరే దారిలో వచ్చింది కాబట్టి. అది తెలియాలంటే కె, ఎ వరుసలు చూడాలి.

నాలుగో పని: కె, ఆ తర్వాతే ఎ

ఈ రెంటినీ కలిపి చూడండి. ఎ జన్యువు, అంటే ఏఎస్‌ఐపి, అగౌటి అనే ప్రొటీన్‌ను చేస్తుంది. అది గ్రాహకానికి అడ్డుపడి, ఒంటిమీద ఆయా చోట్ల ఎర్ర వర్ణకం రప్పిస్తుంది. కె జన్యువు సిబిడి103. రోగనిరోధక ప్రొటీన్ల కుటుంబానికి చెందిన ఇది రంగును శాసిస్తుందని 2007లో తేలింది. ఇందులో కె-బి అనే రూపం ఒక్క ప్రతి ఉన్నా చాలు, దాని ప్రొటీన్ గ్రాహకాన్ని పట్టుకుని అగౌటిని దగ్గరకు రానివ్వదు. కుక్క నిలువెల్లా నలుపవుతుంది. ఉత్తర అమెరికా నల్ల తోడేళ్లకు ఆ నలుపు పెంపుడు కుక్కల నుంచే సంక్రమించిందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

కె-బి తర్వాతి స్థానం కె-బిఆర్‌ది. దానివల్ల ఎర్ర భాగాల మీద పులిచారలు వస్తాయి. చివరిది కె-వై. రెండు కె-వైలు ఉంటే కె అడ్డు తొలగి, ఎ ఏమి రాసిపెట్టిందో అది ఒంటిమీద కనిపిస్తుంది.

ఎ లో నాలుగు మెట్లు గుర్తుంచుకుంటే చాలు. అన్నిటికంటే బలమైనది ఎ-వై: పగ్ లాంటి ఫాన్ రంగు (డాబర్‌మన్ ఫాన్ వేరు), మన వీధికుక్కల్లో విరివిగా కనిపించే లేత గోధుమరంగు. తర్వాత ఎ-డబ్ల్యూ, తోడేలు బూడిద. తర్వాత ఎ-టి, రాట్‌వైలర్‌లా నల్ల ఒంటికి కనుబొమల మీద, బుగ్గల మీద, కాళ్లకు తుప్పురంగు మచ్చలు. అడుగున చిన్న ఎ: ఇది రెండు ప్రతులుంటే కె సాయం లేకుండానే ఒళ్లంతా నలుపు. నల్ల జర్మన్ షెపర్డ్ ఇలాంటిదే. 2021లో వచ్చిన పరిశోధన ఈ విభజనను ఇంకా సూక్ష్మం చేసింది, కాబట్టి కొత్త నివేదికల్లో పేర్లు కొంత వేరుగా ఉండవచ్చు. ఇంట్లో వేసుకునే లెక్కకు ఈ నాలుగు సరిపోతాయి.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్నల వరుస ఇది: ముందు ఇ, తర్వాత కె, తర్వాత ఎ. రెండు చిన్న ఇ లుంటే అక్కడే ఆగండి, కుక్క పసుపు. లేకపోతే కె చూడండి, కె-బి ఉంటే అక్కడే ఆగండి, నలుపు. అదీ లేకపోతేనే ఎ దాకా వెళ్లండి. చివర్లో ఆ నలుపును బి, డి ఏ ఛాయకు మార్చాయో సరిచూడండి.

పసుపులు రెండు, నలుపులు రెండు

మొదటి ఈతను ఇప్పుడు లెక్కలో పెడదాం. తల్లి పసుపు లాబ్రడార్: రెండు చిన్న ఇ లు. లాబ్రడార్‌లలో సాధారణంగా కె-బి రెండు ప్రతులుంటాయి, పసుపు కింద కప్పబడి ఎవరికీ కనిపించవు. తండ్రి లేత గోధుమ వీధికుక్క: దాని పసుపు ఎ-వై వల్ల వచ్చింది. అంటే దానికి కనీసం ఒక పెద్ద ఇ ఉండాలి, కె-వై రెండు ఉండాలి. రెండూ పెద్ద ఇ లే అనుకుంటే, ప్రతి పిల్లకూ తండ్రి నుంచి పెద్ద ఇ, తల్లి నుంచి కె-బి చేరుతాయి. తల్లిలో మూసుకుపోయిన గ్రాహకాన్ని తండ్రి జన్యువు తెరిచింది, తండ్రిలో లేని నలుపు ఆజ్ఞను తల్లి జన్యువు ఇచ్చింది. పిల్లలన్నీ నలుపు. తండ్రి చిన్న ఇ ఒకటి మోస్తుంటే సగం నలుపు, సగం పసుపు.

ఒక పసుపు కుక్కది ఏ దారో పరీక్ష లేకుండా తెలుసుకునే ఉపాయం ఉంది. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని మీసాలు, తోక కొస, చెవుల అంచులు, మూతి వెతకండి. రెండు చిన్న ఇ లున్న కుక్క నల్ల వెంట్రుకను చేయలేదు. మీసం కూడా లేతగానే ఉంటుంది. మూతి మసిబారినట్టు ఉన్నా, తోక కొసన నల్ల కుచ్చు ఉన్నా, మీసాలు నల్లగా ఉన్నా అది ఎ-వై పసుపు. మూతి నల్లబడటం ఇ జన్యువులోనే మరో రూపం పని, అది ఎ-వై కుక్కల మీద బాగా కనిపిస్తుంది.

ఆ నల్ల పిల్లలు పెద్దవై, ఇలాంటి పుట్టుకే ఉన్న వేరే ఇంటి నల్లకుక్కతో జతకట్టాయనుకోండి. 16లో 4 పసుపు, 9 నలుపు, 3 ఎ రాసిన రంగు. చాలా లాబ్రడార్‌లు లోపల ఎ-టి మోస్తాయి కాబట్టి ఆ మూడో గుంపును మళ్లీ విడదీయాలి: 64లో 9 ఫాన్, 3 రాట్‌వైలర్ పోలిక. ఏ తరంలోనూ ఎవరూ చూడని తుప్పురంగు కనుబొమలు మనవళ్ల తరంలో అలా బయటపడతాయి.

నలుపులోనూ ఇదే జాగ్రత్త కావాలి. నల్ల జర్మన్ షెపర్డ్ నలుపు అంతర్గతం, నల్ల లాబ్రడార్ నలుపు బహిర్గతం. చూపుకు ఒకే నలుపైనా పిల్లలకు అందేది వేర్వేరు. ఫాన్ కుక్కతో జతకడితే నల్ల లాబ్రడార్‌కు సాధారణంగా నల్ల పిల్లలు, నల్ల షెపర్డ్‌కు ఫాన్ పిల్లలు పుడతాయి.

నిష్పత్తిని హామీగా తీసుకోకండి

నాలుగో వంతు పసుపు అంటే ఎనిమిది పిల్లల్లో కచ్చితంగా రెండు అని కాదు, ప్రతి పిల్లకూ విడివిడిగా ఆ అవకాశం ఉందని. చిన్న ఇ మోసే రెండు నల్లకుక్కలకు ఆరు పిల్లలు పుట్టి, అందులో ఒక్కటీ పసుపు లేకపోయే అవకాశం సుమారు 18 శాతం. అంటే ఒక ఈతలో పసుపు రాలేదని ఖాళీ గడిలో పెద్ద ఇ రాసేయకూడదు. అదే నల్లకుక్కను పసుపు కుక్కతో కలిపినప్పుడు ఆరు పిల్లలూ నలుపైతే సాక్ష్యం చాలా బలపడుతుంది: అది నిజంగా చిన్న ఇ మోస్తుంటే అలా జరిగే అవకాశం 64లో 1 మాత్రమే.

ఒకే ఈతలోని పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చని కూడా మరచిపోకండి. వీధిలో తిరిగిన ఆడకుక్క విషయంలో లెక్క కుదరకపోతే ముందు ఈ సంగతి పరిశీలించండి.

అయిదో పని: తెలుపు, మెర్ల్. ఇక్కడ తొందర వద్దు

తెలుపు కూడా రెండు రకాలు. మన ఇళ్లలో ఏళ్ల తరబడి పెరిగిన స్పిట్జ్ తెలుపు నిజానికి బాగా పలచబడిన ఎర్ర వర్ణకం. ముక్కు, కనురెప్పలు నల్లగా ఉంటాయి. రెండో తెలుపు వర్ణక కణాలు చేరకపోవడం వల్ల వచ్చేది, ఎంఐటిఎఫ్ అనే జన్యువుతో ముడిపడినది. ఛాతీ మీద చిన్న మచ్చ నుంచి దాదాపు ఒళ్లంతా తెలుపు దాకా ఉంటుంది. లోపలి చెవి పనిచేయడానికి కూడా అవే వర్ణక కణాలు కావాలి. అవి అక్కడికి చేరకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. డాల్మేషియన్‌లలో చెవుడు ఎక్కువ కావడానికి కారణం ఇదే. తమిళనాడు రాజపాళయం జాతిలో గులాబీ ముక్కుతో పుట్టే తెల్ల పిల్లల్లోనూ చెవుడు కనిపిస్తుంది. చప్పట్లు కొట్టి చూస్తే ఒక చెవి మాత్రమే పోయిన పిల్ల తప్పించుకుంటుంది. బేయర్ అనే వినికిడి పరీక్ష ఆరు వారాల వయసుకు నమ్మదగిన ఫలితం ఇస్తుంది. ఎక్కడ చేస్తారో మీ పశువైద్యుడిని అడగండి.

మెర్ల్ అంటే బూడిద నేల మీద నల్ల మరకలు చిందినట్టున్న రంగు. పిఎంఇఎల్ జన్యువులో ఒక డిఎన్ఎ ముక్క వచ్చి చేరడం దీనికి కారణమని 2006లో కనుగొన్నారు. ఒక్క ప్రతి ఉంటే రంగు మారుతుంది. రెండు ప్రతులు వస్తే పిల్ల చాలావరకు తెల్లగా, ఎక్కువసార్లు చెవిటిదిగా, చిన్నవో ఎదగనివో అయిన కళ్లతో పుడుతుంది. రెండు మెర్ల్ కుక్కలను కలిపితే ప్రతి పిల్లకూ ఈ ప్రమాదం నాలుగింట ఒకటి. ఆ జత ఎవరు అడిగినా కట్టించకండి. ఎంత డబ్బు ఇస్తామన్నా వద్దు.

ఈ విషయంలో ఎపిస్టాసిస్ ప్రాణాంతకమైన మోసం చేయగలదు. మెర్ల్ నల్ల వర్ణకాన్ని మాత్రమే చెదరగొడుతుంది. రెండు చిన్న ఇ లున్న పసుపు లేదా మీగడరంగు కుక్క బొచ్చులో నల్ల వర్ణకమే లేదు కాబట్టి అది మెర్ల్ మోస్తున్నా కనిపించదు. చూడటానికి సాదా మీగడరంగు పొమరేనియన్‌నో కాకర్ స్పానియల్‌నో నిజమైన మెర్ల్‌తో కలిపినప్పుడు పుట్టిన పిల్లల్లో కళ్లు లేనివి వస్తే, తెలియక జరిగిందన్న మాట ఆ పిల్లకు చూపు తెచ్చిపెట్టదు. మెర్ల్ ఉన్న జాతుల్లో పసుపు కుక్కను పరీక్ష లేకుండా మెర్ల్‌తో జతకట్టనివ్వకండి. గ్రేట్ డేన్ హార్లెక్విన్ రంగుకు మెర్ల్‌తో పాటు పిఎస్‌ఎంబి7 అనే మరో జన్యువు కావాలి. దాని మారిన రూపం రెండు ప్రతులు అందిన పిండం గర్భంలోనే చనిపోతుంది.

ఆరో పని: పరీక్ష ఎప్పుడు, ఎలా

ఖాళీ గళ్లలో మీ నిర్ణయాన్ని మార్చగలిగినవాటికే డబ్బు ఖర్చు పెట్టండి. గోల్డెన్ రిట్రీవర్‌లో ఇ పరీక్ష వృథా, జవాబు బొచ్చు మీదే ఉంది. మెర్ల్ అనుమానం ఉన్నచోట ఎం పరీక్ష తప్పనిసరి. నమూనా ఇంట్లోనే తీయవచ్చు: తిన్నాక, తాగాక కనీసం అరగంట ఆగి, దూది పుల్లతో బుగ్గ లోపలి వైపు గట్టిగా రుద్దాలి. పాలు తాగే పిల్లను ముందు తల్లి నుంచి వేరుచేయకపోతే తల్లి కణాలు కూడా అంటుకుంటాయి. పుల్లను పూర్తిగా ఆరనిచ్చి కాగితపు కవరులో పెట్టండి. జూలై, ఆగస్టు ముసురులో ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది. నివేదికలో బి స్థానం దగ్గర రెండు వేర్వేరు చిన్న బి రూపాలు కనిపిస్తే మళ్లీ ముక్కు చూడండి. రెండూ ఒకే క్రోమోజోము మీద ఉంటే ఆ కుక్క ముక్కు నల్లగానే ఉంటుంది.

పిల్లలను అమ్మే ఉద్దేశం ఉంటే 2017లో కేంద్రం తెచ్చిన నియమాలు వర్తిస్తాయి: రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

చివరగా, పుట్టాక

పుట్టిన రోజున, ఎనిమిది వారాలకు, ఏడాదికి అదే వెలుగులో ఫొటోలు తీసి పుస్తకంలో తేదీతో రాయండి. రంగులు మారతాయి. డాల్మేషియన్ తెల్లగా పుట్టి తర్వాత మచ్చలు తేలుతుంది. ఫాన్ పిల్లలు పుట్టినప్పుడు మసి పూసినట్టుండి నెలల్లో తేలికవుతాయి. కొన్ని షిట్జూలు, యార్క్‌షైర్ టెర్రియర్‌లు వయసుతో పాటు వెలిసిపోతాయి. ముక్కు రంగు కూడా పుట్టగానే పూర్తిగా రాదు, కొన్ని వారాలు ఆగి రాసుకోండి.

ఆ తర్వాత తల్లిదండ్రుల పేజీలకు తిరిగి వెళ్లండి. నల్ల తల్లికీ నల్ల తండ్రికీ ఒక్క పసుపు లాబ్రడార్ పిల్ల పుట్టినా ఇద్దరి ఇ వరుసలోనూ ఖాళీగా ఉన్న గడిలో చిన్న ఇ రాయవచ్చు. అదే పిల్ల ముక్కు గోధుమరంగుకు తిరిగితే ఇద్దరి బి వరుసలోనూ చిన్న బి పడుతుంది. తర్వాతి ఈతకు అవి ఇక ఊహలు కావు.